ఛాయాచిత్ర విమర్శమునందు ఉక్తానుక్తదురుక్తములు

శబ్దశాస్త్రమున శ్రమించినవానికి ఛాయాచిత్రములతోఁ బని యేమి యని పాఠకు లడుగవచ్చును. ఆ ప్రశ్నము న్యాయమైనదే. తాళపత్ర గ్రంథములకు ఛాయాచిత్రములు తీయించి పాఠములను బోల్చి చూచుట మన పరిశోధకులకుఁ జిరకాలముగా నలవాటు. ఆ చిత్రములలో నొక యక్షరము నీడలో మునిఁగిపోయినచో నొక పాఠమే పోవును. కావున నలుపు తెలుపుల పటములలో నేది కానవచ్చుచున్నది, యేది కానరాకున్నది యని కన్నులు చికిలించి చూచు నభ్యాసము మాబోఁటివారికిఁ గొంత గలదు. అయినను నేఁ డీ వ్యాసము వ్రాయుటకుఁ గారణము తాళపత్రములు గావు. నా శిష్యుఁ డొకఁడు న న్నడిగిన ప్రశ్నము. దానికి నే నాఁడు సరియైన యుత్తరము చెప్పలేకపోతిని.

అతఁడు నాయొద్ద లఘుకౌముదియు, సిద్ధాంతకౌముదిలోఁ గారకప్రకరణము వఱకును జదివినవాఁడు. ఇప్పు డొక యున్నతపాఠశాలలోఁ దెలుఁగు పండితుఁడు. సెలవుదినములలోఁ బ్రాఁత ఫిల్ము కెమెరా నొకదానిని భుజమునఁ దగిలించుకొని గుళ్లచుట్టును దిరుగును. ఇంటిలోని స్నానపుగదినే చీఁకటిగదిగా మార్చుకొని, తానే ఫిల్మును గడిగి, తానే కాగితముపై నచ్చొత్తుకొనును. చేతిలోని ఫోనుతో క్షణములో రంగుల పటములు వచ్చు నీ కాలమున నీ శ్రమ యేల యని యొకనాఁ డడిగితిని. "లోకమంతయు సూత్రములు లేకుండనే మాటలాడుచుండఁగా మీ రింకను సూత్రములు వల్లించుచున్నారు గదా, గురువుగారూ" యని నవ్వెను.

రెండేండ్ల క్రిందట నాతఁడు రామప్పగుడి పటములు పండ్రెండు తెచ్చి నాకుఁ జూపెను. ములుగు జిల్లా పాలంపేటలోని యా యాలయమును 1213 లోఁ గాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుఁడు కట్టించెను; 2021 లో యునెస్కో వారు దానిని బ్రపంచ వారసత్వ స్థానముగా గుర్తించిరి. చూరుక్రింద నిలిచిన మదనికలు నున్నని నల్లఱాతివి. ఆ ఱాయి యెండలోఁ దళుక్కుమనును, నీడలో నొక్కసారిగా నల్లఁబడును. దాని నలుపు తెలుపులలోఁ బట్టుట సులభము గాదు. పండ్రెండు పటములను వరుసగాఁ జూచి, ప్రతిదానికిని "చాల బాగున్నది నాయనా" యంటిని. నాలుగింటిలో మదనికల ముఖములు నల్లని ముద్దలై యుండుట నా కన్నులఁ బడినది. పడినను జెప్పలేదు. అంత దూరము పోయి తీసికొని వచ్చినవాఁడు నొచ్చుకొనునేమో యని యొక శంక. ఈ కళలో నాకుఁ బాండిత్యము లేదు గదా యని యొక సాకు.

అతఁ డా నాలుగింటిని, మఱియొకదానిని బెద్దవిగా నచ్చొత్తి యొక పట్టణమున జరిగిన ప్రదర్శనమునకుఁ బంపెను. అచ్చట నొక వృద్ధ ఛాయాచిత్రకారుఁడు వానిని జూచి, నాలుగింటిలో ముఖములు లేవనియు, నవి నెగటివులోనే లేవు గావున నిఁక నెట్లు నచ్చొత్తినను రావనియుఁ జెప్పెను. శిష్యుఁడు తిరిగివచ్చి నా యెదుటఁ గూర్చుండి యిట్లనెను: "గురువుగారూ, నా సమాసములో దోషమున్నచో నెఱ్ఱసిరాతో గీఁత గీసెడివారు. ఈ పటములపై నేల గీయలేదు?"

నాకుఁ దెలియలే దని చెప్పి తప్పించుకొంటిని. అది యనృతము. తెలియకపోవుట వేఱు, తెలిసినదానిని జెప్పకపోవుట వేఱు. ఆ ప్రశ్నమే నాఁటినుండి నన్ను వెంటాడి, విమర్శమనఁగా నేమి యని మఱల మొదటినుండి విచారించునట్లు చేసినది.

మన శాస్త్రమున విమర్శమునకు మేలైన యాదర్శము వార్తికము. సూత్రకారుఁడు చెప్పినది, చెప్పక విడిచినది, చెడఁ జెప్పినది యను మూఁటిని విచారించుట వార్తికమునకు లక్షణమని పెద్దలు నిర్ణయించిరి. పాణిని సూత్రములు సుమారు 4000. అందు 1200 కుఁ బైఁబడిన వానిపైఁ గాత్యాయనుఁడు విచారము సేసెను. ఇన్ని యాక్షేపములు చేసినవానిని బాణినికి శత్రువని మన సంప్రదాయము తలఁపలేదు. మునిత్రయములో నొకనిగాఁ గూర్చుండఁబెట్టి, మునులలోఁ దరువాతివారి మాటకే యధిక ప్రామాణ్యము నిచ్చినది. పతంజలియుఁ గాత్యాయనుని మాట లన్నింటికిని దల యూఁపలేదు. కొన్నిచోట్ల నీ చేర్పు వలదు, సూత్రముననే యీ యర్థ మున్నదని చూపెను. ఆక్షేపించువాఁడును, సమాధానము చెప్పువాఁడును సూత్రమునెడల భక్తితోనే మాటలాడిరి. ఈ పద్ధతి ఛాయాచిత్ర విమర్శమునకుఁ జక్కఁగాఁ జెల్లునని నా యభిప్రాయము.

మొదటిది ఉక్తము. పట మేమి చెప్పుచున్నదో గ్రహింపకమున్నే దానిలో లోపముల వెదకుట, సూత్రార్థము నెఱుఁగక వార్తికము వ్రాయఁబూనుట వంటిది. నలుపు తెలుపుల పటమునకు వర్ణములు లేవు. దానికున్న భాషయంతయు వెలుఁగు నీడల తారతమ్యమే. ఒక ముత్తైదువ పటము తీసినచోఁ బసుపు లేఁతబూడిదరంగై తేలును, కుంకుమ ముదురుబూడిదరంగై దిగును. ఎఱుపును గ్రహింపని పూర్వకాలపు ఫిల్ముమీఁద నా కుంకుమయే కాటుకవలె నల్లఁబడెడిది. నేఁటి ఫిల్ముమీఁద లెన్సునకు ముందు ఎఱ్ఱని ఫిల్టరు నుంచి తీసినచో నదే బొట్టు పాలిపోయి నుదుటిలోఁ గలసిపోవును. ఎఱ్ఱచీరకుఁ బచ్చయంచు కంటికెంత యెగసి కనిపించినను, పటములో రెండును నొకే బూడిదరంగై యంచు మాయము గావచ్చును. వీని నెఱుఁగక "బొట్టు నల్లగా నున్నదేమి" యనుట విమర్శము గాదు. అమెరికా దేశపు ఆన్సెల్ ఆడమ్సు, ఫ్రెడ్ ఆర్చరు అను నిరువురు 1940 ప్రాంతమున నీ తారతమ్యమును గటికనలుపు మొదలు కాగితపు తెలుపు వఱకుఁ బదునొకండు మెట్లుగా విభజించిరి. ఈ మెట్లు మనకు వర్ణసమామ్నాయము వంటివి. విమర్శకుఁడు "చీఁకటిగా నున్నది" యని యూరకుండక, ఏ చోటు ఏ మెట్టున నున్నది, ఏ మెట్టున నుండవలసినదని వ్రేలు పెట్టి చూపఁగలుగును.

రెండవది అనుక్తము, మూఁడవది దురుక్తము. ఈ రెండింటి భేదమును గుర్తింపకపోవుటచేతనే పెక్కు విమర్శములు నిష్ఫలమగుచున్నవి. వెలుఁగు తాఁకని చోట ఫిల్మును గడిగినపిమ్మట వెండి మిగులదు. రామప్ప మదనికల వెనుక నాకాశము తెల్లగా వెలుఁగుచుండెను. ఆ వెలుఁగునకుఁ గాంతిమాపకము మోసపోయి తక్కువ కాలమును జూపెను. నీడలోని ముఖములు ఫిల్మునకుఁ జేరనేలేదు. అది యనుక్తము. అచ్చొత్తువాఁ డెంత నేర్పరియైనను లేనిదానిని దేలేఁడు. నెగటివులో నుండియుఁ గాగితముపైకి సరిగా రానిది దురుక్తము. దానికిఁ జికిత్స గలదు. అనుక్తమునకు "మఱల పోయి తీయు" మనియు, దురుక్తమునకు "మఱల నచ్చొత్తు" మనియుఁ జెప్పవలయును. ఆ వృద్ధ చిత్రకారుఁడు రెండు మాటలలో నీ భేదమునే చెప్పెను. అందుచేతనే యాతని మాట కఠినమైనను నా శిష్యునకు దారి చూపినది. నా మాట తీయనిదైనను దారి తప్పించినది.

దురుక్తమును దాను దిద్దుకొనుటకుఁ బైఁజెప్పిన యాడమ్సే నిదర్శనము. 1941 లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామమునొద్ద నాతఁడు చంద్రోదయమును దీసెను. ప్రొద్దు గ్రుంకుచుండెను; కాంతిమాపకము చేతికి దొరకలేదు; చంద్రుని కాంతి యెంతయో తనకుఁ గంఠస్థమై యుండుటచే దానినిబట్టి లెక్కకట్టి యొక్క నెగటివు తీసెను. రెండవది తీయులోపల శ్మశానమునందలి సిలువలమీఁది వెలుఁగు పోయెను. ఆ పటము ప్రసిద్ధి కెక్కినను నాతఁడు తృప్తిపడలేదు. 1948 లో నెగటివునం దడుగుభాగమును రసాయనముచే గాఢపఱచెను. మొదటి ప్రింట్లలో నాకాశమునఁ బలుచని మబ్బులు కనిపించుచుండఁగా, తరువాతి యేండ్ల ప్రింట్లలో నా యాకాశము నానాఁటికి నల్లనై చంద్రుఁ డొక్కఁడే వెలుఁగఁజొచ్చెను. నెగటివు స్వరలిపి వంటిదనియు, ప్రింటు గానము వంటిదనియు నాతఁడు చెప్పుచుండెడివాఁడు. తన గానమునకుఁ దానే వార్తికకారుఁడయ్యె నన్నమాట.

ఇఁక విమర్శకుని దోషములు. మొదటిది నా దోషమే, మిథ్యాప్రశంస. అది దయవలె గానవచ్చును గాని, ఎదుటివాఁడు నేర్చుకొనవలసిన కాలమును హరించును. రెండవది దీనికి విపరీతము, హింస. 1930 ల నడుమ నమెరికా ప్రభుత్వము కఱవుపాలైన రైతుల బ్రదుకులను జిత్రింపఁ గొందఱు ఛాయాచిత్రకారులను నియమించెను. వారిపై నధికారియైన రాయ్ స్ట్రైకరు తనకు నచ్చని నెగటివులకుఁ గాగితములకు రంధ్రము వేయు పనిముట్టుతో గుండ్రని రంధ్రము పొడిపించెడివాఁడు. బెన్ షాన్ మొదలగువారు దానిని నిరసించిరి. అట్టి నెగటివులు నేఁటికి నమెరికాలోని కాంగ్రెసు గ్రంథాలయమున నున్నవి. రైతు మొగము నడుమ నల్లని చుక్క గల యా పటములను జూచినప్పుడు నాకుఁ బురుగు తినిన తాళపత్రములు జ్ఞప్తికి వచ్చినవి. పురుగునకు నక్షరము తెలియదు. ఈతనికి బాగుగాఁ దెలియును. కాత్యాయనుఁడు దోషమున్నదన్న సూత్రమును గొట్టివేయలేదు. సూత్రము చెక్కుచెదరక నిలిచినది, వార్తికము ప్రక్కన నిలిచినది. అందుచేతనే పతంజలి రెండింటిని దూఁచి చూడఁగలిగెను. రంధ్రము పొడిచిన పటమునకు మహాభాష్యము పుట్టదు.

మూఁడవ దోషము ప్రయోజనము నడుగక తీర్పు చెప్పుట. ఆ చిత్రకారులలోనే డొరొథియా లాంజి యను నామె 1936 లోఁ గాలిఫోర్నియాలోని నిపోమో యొద్ద బిడ్డలతో నున్న యొక కూలితల్లి పటము తీసెను. గుడారపుగుంజను బట్టుకొన్న యొక బొటనవ్రేలు పటము క్రిందిమూలఁ గానవచ్చుచుండెను. అది దృష్టిని జెదరఁగొట్టుచున్నదని తలఁచి, 1939 లో లాంజి నెగటివులో దానిని జెఱపించెను. స్ట్రైకరునకు నది సమ్మతము గాలేదు. ఇరువురిలో నెవరిది తప్పు? పటము సాక్ష్యమైనచో వ్రేలును జెఱపుట లేఖకుఁడు మూలమును దిద్దుట వంటిది. కావ్యమైనచో నధికపదమును దొలఁగించుట వంటిది. ప్రయోజనము తెలియక యేదియు నిర్ణయింపరాదు. ఈ పటమునకే మఱియొక విమర్శము గలదు. 1978 లో నా తల్లి పేరు ఫ్లోరెన్సు ఓవెన్సు థాంప్సనని లోకమునకుఁ దెలిసెను. తన పేరైన నడుగలేదనియు, నా పటమువలనఁ దనకుఁ జిల్లిగవ్వయైన రాలేదనియు నామె యాక్షేపించెను. నాలుగు దశాబ్దములు వెలుఁగునీడల సొగసునుగూర్చి వ్రాసినవారెవ్వరును జెప్పని యనుక్తము నామె చెప్పినది. పటములో నున్న మనిషియు విమర్శకుఁడు గాఁదగునని విద్వాంసులు గ్రహింతురు గాక.

ఇంతవఱకు విమర్శించువాని ధర్మము. విమర్శమును గ్రహించువాని ధర్మ మంతకంటెఁ గష్టము. ఆంగ్లదేశమున పీటర్ హెన్రీ ఎమర్సన్ అను ఛాయాచిత్రకారుఁడు 1889 లో నొక గ్రంథము వ్రాసి, పటము కంటిచూపు ననుసరింపవలెననియు, ముఖ్యవస్తువు స్పష్టముగాను, దక్కినవి కొంచెము మెత్తగాను నుండవలెననియు వాదించెను. ఛాయాచిత్రణము కళయని యాతని సిద్ధాంతము. 1890 లో హర్టరు, డ్రిఫీల్డు అను శాస్త్రజ్ఞులు ఫిల్ముపై నేర్పడు నలుపు నియతమైన నియమములకు లోఁబడి యుండుననియు, గడుగువాఁడు తారతమ్యములను దన యిచ్చకొలఁది మార్పలేఁడనియు నిరూపించిరి. రెండేండ్లు తిరుగకమునుపే యెమర్సన్ నల్లయంచుల పుస్తిక నొకదాని నచ్చొత్తించి, తన సిద్ధాంతము చచ్చినదనియు, ఛాయాచిత్రణము కళ గాదనియుఁ బ్రకటించెను. తన తప్పును బహిరంగముగా నొప్పుకొన్న యా ధైర్యమునకు నమస్కరింపవలసినదే. కాని యాతఁ డాక్షేపమును దానికిఁ దగినంతకంటె నెక్కువగా గ్రహించెను. తారతమ్యములు నియమబద్ధములైనంతమాత్రమునఁ గళ లేకపోవునా? ఛందస్సు నియమబద్ధమని కవిత్వము లేకపోయెనా? ఒక సూత్రమున దోషము చూపినచో నా సూత్రమును దిద్దుకొనవలెను. అష్టాధ్యాయిని గంగలోఁ గలుపరాదు. ఏ యాక్షేపమును గ్రహింపనివాఁ డొకవిధముగాఁ జెడును. ప్రతి యాక్షేపమునకును సర్వము నర్పించువాఁడు వేఱొకవిధముగాఁ జెడును. పతంజలివలె దూఁచి, కొంత గ్రహించి, కొంత విడుచుట మధ్యమార్గము.

ఇది వ్రాయుట సులభము. నా వంతు వచ్చినప్పుడు నేనేమి చేసితినో చెప్పకున్నచో నీ వ్యాసము నింకొక మిథ్యాప్రశంస యగును.

ఆ ప్రశ్నము పిమ్మట నేను శిష్యునొద్దనే శిష్యుఁడనైతిని. అతని కెమెరాను గొన్నాళ్లు దెచ్చుకొని మా పెరటిలో మా యమ్మ పటము తీసితిని. సున్నము కొట్టిన తులసికోటమీఁద నుదయపుటెండ పడుచుండెను. ఆమె దానిప్రక్కను నీడలోఁ బీఁటపైఁ గూర్చుండి వత్తులు చేయుచుండెను. అతని చీఁకటిగదిలో నాతఁడు చెప్పుచుండఁగా ఫిల్మును గడిగితిని. ప్రింటు మాత్రము నా చేతులతోనే యొత్తుకొని, చట్రములోఁ బెట్టి గోడకుఁ దగిలించితిని. ఆర్నెల్లకు మా యమ్మ కాలధర్మము చెందినది.

మాసికము నాఁడు శిష్యుఁడు వచ్చి యా పటమును జాలసేపు చూచెను. ఎట్లున్నదని నేనే యడిగితిని. అతఁడు కొంచెము జంకి, "నిజము చెప్పనా, గురువుగారూ" యనెను. చెప్పుమంటిని. "ఇందులోఁ దులసికోట యున్నది. అమ్మగారు లేరు" అనెను.

నాకుఁ గోపము వచ్చినది. ఆ దినమున నెండ తీక్ష్ణముగా నున్నదనియు, నామె కదలి కూర్చుండలేని స్థితిలో నున్నదనియు, నా కన్నుల కామె ముఖము స్పష్టముగానే కానవచ్చుచున్నదనియు వాదించితిని. అన్నియు విని యాతఁడు మెల్లగా, "అవి మీకుఁ దెలియును. పటమునకుఁ దెలియదు గదా" యనెను. సూత్రములో లేని యర్థమును సూత్రకారుని మనస్సులోనుండి తెచ్చి చెప్పరాదని యీతనికి నేర్పినది నేనే. ఇఁక మాటలాడుటకుఁ జోటు లేకపోయెను. పటము వంకఁ జూచితిని. ఆతఁడు చెప్పినది నిజము. ఆరు నెలలుగా నేను జూచుచున్నది నా జ్ఞాపకమునేగాని పటమును గాదు.

ఆతఁడు నెగటివు నడిగి పుచ్చుకొని, కిటికీ వెలుఁగున కెత్తి చూచెను. "ఇది యనుక్తము గాదు, గురువుగారూ, దురుక్తము. పలుచగానైనను ముఖ మిందులో నున్నది. మనము కోటను జూచుకొని యొత్తితిమి" అనెను. తప్పు నాదైనను "మన" మనుట యాతని వినయము. ఆ రాత్రియే చీఁకటిగదిలో సన్నని తీగచివరఁ గాగితపుముక్క నతికించి, యొత్తునపు డది ముఖముపై నాడించుచు నచ్చటికి వెలుఁగును దగ్గించెను. కోటకు మఱికొంతసేపు వెలుఁగు నిచ్చి దాని తెల్లఁదనమును బూడిదరంగునకు దింపెను. తొట్టిలో మందునీటి యడుగున మొదట కోట, పిదప పీఁట, చివర మా యమ్మ మొగము, వంచిన తల, వ్రేళ్ల నడుమ నొత్తిన వత్తి యొకటొకటిగాఁ బైకి వచ్చినవి. అతఁడు నాఁడు నన్ను సంతోషపెట్టఁ దలఁచి "చాల బాగున్నది" యని యూరకున్నచో నా ముఖము నెగటివులోనే యుండిపోయెడిది.

కోలాచలము మల్లినాథసూరి యాధారము లేనిదానిని వ్రాయకుండుటయు, నక్కఱ లేనిదానిని బలుకకుండుటయుఁ దన వ్యాఖ్యానమునకు నియమముగాఁ జెప్పికొన్నాఁడు. మెదకుసీమ పండితుఁ డాఱువందల యేండ్లనాఁడు పెట్టుకొన్న నియమమునకు నేను మూఁడవది యొకటి మాత్రము చేర్చెదను: ఆధారమును గలిగి, యక్కఱయుఁ గలిగిన మాటను మొగమాటముచే దాఁపరాదు. పాఠశాలలలోఁ బ్రతిదినమును వ్యాసములు దిద్దు పండితులు దీనిని నాకంటె బాగుగా నెఱుఁగుదురు. వ్రాఁతలయెడ మనకున్న యీ నిష్ఠ, పిల్లలు తెచ్చి చూపు పటములయెడ, బొమ్మలయెడ, పాటలయెడ నేల సడలుచున్నదో విచారింపవలసినదిగాఁ బ్రార్థన.

మదనికలు ఱాతివి, ఎనిమిది వందల యేండ్లుగా నా చూరుక్రిందనే యున్నవి, మఱల పోయి తీయవచ్చును. వచ్చు మార్గశిరమునఁ బోవుదమని శిష్యుఁ డనుచున్నాఁడు. ఈసారి యాకాశమును గాక ముఖమును గొలిచి తీయునఁట. నన్నును రమ్మనినాఁడు, ఎఱ్ఱసిరా కలము తెచ్చుకొనుఁడని మఱీ చెప్పినాఁడు.